మూడు లీటర్లకి నూట ఇరవై

రెండోసారి పిస్టన్ పట్టేసిన రోజున మా మావయ్య బండిని గేటు బయటే వదిలేసి, హెల్మెట్ కూడా తీయకుండా వంటింటి గుమ్మం దాకా నడిచి వచ్చారు. నేను రాగిముద్ద కెలుకుతున్నాను. ఆ సమయంలో కర్ర ఆపితే ఉండలు కడుతుంది. అందుకని తిరిగి చూడలేదు.

"ఆయిల్ ఎంత పోశావ్?" అన్నారు.

"నూట ఇరవై."

"దేనికి?"

"మూడు లీటర్లకి. ఎప్పుడూ పోసేదే."

"అబద్ధం! అంత పోస్తే పిస్టన్ ఎందుకు పట్టేస్తుంది? సగం కూడా పోసి ఉండవు. నెయ్యి వడ్డించినట్టు చెంచాతో విదిలించి ఉంటావు."

ఆయన వెనక అంతోణప్ప ఉన్నారు, మావయ్యతో పాటు ముప్ఫయ్యేళ్ళు ఒకే ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆ వెనక ఇంకో ఇద్దరు పాత వర్కర్లు, కెంపయ్యగారూ, చన్నవీరప్పగారూ. బండిని చాముండి కొండ మొదటి మలుపు నుంచి వొంటికొప్పల్లో మా ఇంటి దాకా తోసుకొచ్చి ముగ్గురూ చెమటలు కక్కుతున్నారు. కెంపయ్యగారు నవ్వారు. "పోనీలే చెవి బసప్పా, ఆడపిల్ల. పొదుపు చేసింది," అన్నారు.

పొదుపు చేసిందట. నేను కర్ర తిప్పుతూనే ఉన్నాను. ఆ పూట ముద్దలో ఒక్క ఉండ లేదు. అందరూ రెండేసి ముద్దలు తిన్నారు.

చెవి బసప్ప అంటే మా మావయ్యే, మా ఆయన ఉమేశ్‌కి నాన్న. అసలు పేరు మరిబసప్ప. ఊళ్ళో మోటారుసైకిళ్ళ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ ఆఖరి ట్యూనింగ్ ఆయనది. బండి తయారై వచ్చాక ఆయన ముందు నిలబెట్టేవారట. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. మిగతావాళ్ళు గేజీ పెట్టి, చార్టు చూసి, పావుగంట కుస్తీ పట్టే టైమింగ్‌ని ఈయన రెండు నిమిషాల్లో చెవితో పెట్టేసేవారట. ఇంజను లోపల నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో ఆ క్షణాన పడుతోందా లేదా అన్నదే టైమింగ్. ఆ క్షణం ఆయనకి వినపడేది. ఆ పేరు అలా వచ్చింది. పెళ్ళి పత్రికల మీద తప్ప ఆయన అసలు పేరు ఎక్కడా చూడలేదు నేను.

ఈ బండి ఆయన సొంతం. ఆ ఫ్యాక్టరీలోనే తయారైన అరవై ఆరు మోడల్ జావా, దానిమ్మ రంగు ట్యాంకు, రెండు సైలెన్సర్లు. తను ట్యూన్ చేసిన బండినే తను కొనుక్కున్నారు. ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది దాన్ని వెనక షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పారు. ఆ మీద మేం కొబ్బరి పీచు వేశాం, పాత పరుపు వేశాం. పదిహేనేళ్ళు ఎవరూ దాని ఊసెత్తలేదు.

జూలై రెండో ఆదివారం ఊళ్ళో జావాలున్నవాళ్ళంతా బళ్ళేసుకుని ఒకచోట చేరతారు. పోయిన ఏడాది మావయ్య అంతోణప్ప బండి వెనక కూర్చుని వెళ్ళారు. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్ళు కాళ్ళకి దండం పెట్టి, మీ బండేది సార్ అని అడిగారట. మావయ్య ఇంటికొచ్చి కాఫీ కూడా తాగకుండా షెడ్డులోకి వెళ్ళి టార్పాలిన్ లాగేశారు. పీచంతా పెరడు నిండా ఎగిరింది. ఊడ్చింది నేనే.

సంక్రాంతి దాటాక పని మొదలైంది. ఇల్లు ఇల్లులా లేదు. వరండాలో ఇంజను, దేవుడి గది పక్కన చక్రాలు, బట్టలారేసే తీగకి బ్రేకు తీగలు. మొదటి రోజునే నట్లన్నీ ఒకే డబ్బాలో పోస్తుంటే చూడలేక, పాత ఇడ్లీ పళ్ళాలు తెచ్చి, గుంటకో రకం వేసి, పక్కన చీటీలు అంటించాను.

"ఇదేం వంటా?" అన్నారు మావయ్య.

"మీరు రేపు వెతుక్కునేటప్పుడు తెలుస్తుంది."

తెలిసింది. మర్నాటి నుంచి "ఆ మూడో పళ్ళెం ఇలా తే" అనడం మొదలుపెట్టారు. ట్యాంకు లోపలి తుప్పుకి చింతపండు నీళ్ళూ, గుప్పెడు నట్లూ పోసి ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఊపాం. నా చేతులు రెండు రోజులు పైకి లేవలేదు. అది కూడా నాకు ఇష్టంగానే ఉండేది, ఆ సంగతి దాచను. నేను మహారాణి కాలేజీలో ఫిజిక్సు చదివాను. పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళలో ఆ చదువు వాడింది పాలు పొంగకుండా చూసుకోవడానికి మాత్రమే. ఇంజను విప్పినప్పుడు లోపలంతా నాకు చదివిన పాఠంలా కనిపించింది.

మావయ్యకి మాత్రం నా చదువు ఒక వేళాకోళం. ఎవరు వచ్చినా, "మా కోడలు ఫిజిక్సు. ఫ్యూజు పోతే మాత్రం మా ఉమేశ్ ఆఫీసు నుంచి రావాలి," అనేవారు. నేను ఫ్యూజు వేయడం ఆయన ఎన్నిసార్లు చూశారో నాకు తెలుసు.

నాకు అప్పజెప్పిన పని ఆయిల్. ఈ బళ్ళకి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. లీటరుకి నలభై మిల్లీలీటర్లు. తక్కువైతే పిస్టన్ ఎండిపోయి పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ. నేను కాలేజీ రోజుల నాటి గాజు కొలపాత్ర పెట్టుకుని, కంటి ఎత్తుకి పట్టుకుని, ఆయిల్ వంపు అడుగు గీతకి ఆనేదాకా చూసి పోసేదాన్ని. మూడు లీటర్ల డబ్బాకి నూట ఇరవై. చుక్క అటూ ఇటూ కాలేదు.

మార్చిలో బండి మొదటిసారి లేచింది. వరండా అంతా నీలం పొగ. మావయ్య కళ్ళు మూసుకుని ఎడమ చెయ్యి గాల్లోకెత్తారు. కుడిచేతిలో స్క్రూడ్రైవరు. బండి ఆపడం, నిప్పురవ్వ పడే క్షణాన్ని మార్చే పాయింట్ ప్లేటుని వెంట్రుకవాసి జరపడం, మళ్ళీ కిక్ కొట్టడం, వినడం.

"ఇంకా రాలేదు," అనేవారు. మళ్ళీ జరిపేవారు. "ఇంకా మొద్దుగానే ఉంది. గొంతు విప్పట్లేదు." మళ్ళీ. అలా పదిసార్లకి పైనే. రెండు నిమిషాల్లో అయ్యే పనని విన్నాను కదా అనుకున్నాను. చివరికి ఆయన మొహం విప్పారింది. "ఆ! అదీ! అదీ నా బండి!"

బట్టలుతికే బండ దగ్గర నేనున్నాను. మా వీధి ఎత్తుగా ఉంటుంది. ఆయన బండెక్కి ఆ ఎత్తు ఎక్కుతుంటే ఇంజను శబ్దం మీద ఇంకో శబ్దం విన్నాను. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు, సన్నగా, గరగరమని. ఎత్తు దాటగానే ఆగిపోయింది.

రెండు వారాలకి చాముండి కొండ ఎక్కుతుండగా పిస్టన్ పట్టేసింది. ఆ రోజు కూడా వీళ్ళే తోసుకొచ్చారు. అప్పుడూ ఆయిలే, అప్పుడూ నేనే. మొదటిసారి నిజంగా భయపడ్డాను. ఆ రాత్రి గాజు కొలపాత్రలో నీళ్ళు పోసి, వంటింటి త్రాసు మీద తూచాను. నూట ఇరవై అంటే నూట ఇరవయ్యే. నా తప్పు లేదని నాకు తెలిసింది. ఇంకెవరికీ తెలియలేదు. వినేవాళ్ళెవరు?

అంతోణప్పకి మండి మొహల్లాలో లేతు షాపుంది. ఆయన సిలిండరు బోరు పెద్దది చేసి, దానికి సరిపడే పిస్టన్ వెతికి వేసి తెచ్చేసరికి జూన్ వచ్చింది. మావయ్య మళ్ళీ కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, టైమింగ్ పెట్టారు. మళ్ళీ ఎత్తు మీద గులకరాళ్ళు. ఈసారి ఇంకాస్త గట్టిగా.

అప్పుడొకసారి చెప్పబోయాను. "మావయ్యా, ఎత్తు ఎక్కేటప్పుడు లోపల ఏదో గరగర..."

"ఏంటీ?"

"గరగరమని శబ్దం..."

"నాకు శబ్దం గురించి నువ్వు చెప్తావా?" వరండాలో నలుగురున్నారు. "పద్ధెనిమిది వేల బళ్ళు విన్నానమ్మా ఈ చెవులతో. నీ పని ఆయిల్ కొలవడం. అది సరిగ్గా చెయ్యి. అక్కడి వరకే నోరు."

నేను నోరు మూసుకున్నాను. ఇక్కడ ఒక మాట రాయాలి. మర్యాద కోసం మూసుకోలేదు. కోపంతో మూసుకున్నాను. ఆ తర్వాత పదిహేను రోజులు, రోజూ పొద్దున ఆయన ఆ ఎత్తు ఎక్కుతుంటే విన్నాను. వింటూ బీన్స్ తరిగాను. ఈ బండి మళ్ళీ ఆగిపోతుందని నాకు తెలుసు. ఎక్కనీ, అనుకున్నాను.

ముద్దలు తిని అందరూ వెళ్ళిపోయిన ఆ రోజు సాయంత్రం, ఆయన వరండాలో పిస్టన్ పీకి, దాని వంక చూడను కూడా చూడకుండా చెత్తబుట్టలోకి విసిరేశారు. చూడాల్సిన అవసరం ఏముంది, నేరం ఎవరిదో తేలిపోయాక? నేను దాన్ని తీసి, సబ్బుతో కడిగి, కిటికీ దగ్గర పెట్టి చూశాను.

ఆయిల్ చాలక పట్టేస్తే పక్కలు గీసుకుపోవాలి. పక్కల మీద ఒకచోట తప్ప గీతల్లేవు. నెత్తి మీద మాత్రం, అంచు వెంబడి, చీమలు తిన్నట్టు చిన్న చిన్న గుంటలు. స్పార్కు ప్లగ్గు తీసి చూస్తే దాని పింగాణీ మీద ఆవగింజలో సగమంత వెండి చుక్కలు, కరిగి అంటుకున్న లోహం. నిప్పురవ్వ పడాల్సిన దానికన్నా ముందే పడుతోంది. పిస్టన్ పైకి వస్తుండగానే మంట దాని నెత్తిన కొడుతోంది. ఆ దెబ్బలే గులకరాళ్ళ శబ్దం.

అంటే టైమింగ్.

సిలిండరు మళ్ళీ బోరు చేయడానికి అంతోణప్ప షాపుకి చేరిన వారానికి, నేను పిస్టన్ని పాత తువ్వాలులో చుట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆయన లేతు ఆపి, స్టూలు తుడిచి వేశారు.

"కూర్చోమ్మా సుమంగళా. కాఫీ చెప్పనా?"

"వద్దు అంకుల్. ఇది చూడండి."

తువ్వాలు విప్పాను. ఆయన చూడలేదు. చూడాల్సిన పని లేనట్టు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. నాకు అర్థమైంది.

"మీకు తెలుసు," అన్నాను.

"మొదటిది కూడా ఇంతేనమ్మా." సొరుగు లాగి మొదటి పిస్టన్ తీసి బల్ల మీద పెట్టారు. అదే అంచు, అవే గుంటలు. "వాడికి పై శబ్దాలు, సన్నటివి, వినపడట్లేదు. ముప్ఫయ్యేళ్ళు ఆ టెస్టింగ్ షెడ్డులో చెవులకి అడ్డం లేకుండా నిలబడ్డాడు. మాకందరికీ అంతో ఇంతో పోయింది. వాడికి పోకుండా ఉంటుందా? పాత శబ్దం చెవిన పడేదాకా జరుపుతూనే ఉంటాడు. అది వాడికి వినపడేసరికి టైమింగ్ ఎక్కడికో పోయి ఉంటుంది."

"మరి ఆ రోజు మా వంటింటి గుమ్మంలో నిలబడి నోరెత్తలేదేం?"

"ఏమని ఎత్తనమ్మా? చెవి బసప్ప దగ్గరికెళ్ళి, నీ చెవులు పోయాయిరా అని చెప్పనా? వాడికి మిగిలింది ఆ పేరొక్కటే."

"నా పేరు మాటేంటి అంకుల్? ఊరంతా నేను ఆయిల్ తగ్గించి పోసిన కోడల్ని."

"నువ్వు ఇంటి పిల్లవి. సర్దుకుంటావనీ..."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెద్దాయన ముందు అంతకు ముందెప్పుడూ గొంతెత్తలేదు. "సర్దుకుంటాననే కదా అందరూ నా నెత్తిన పెట్టేది! ఆయన తప్పు చేస్తారు, మీరు దాస్తారు, నేను మొయ్యాలి. పంచుకోవడం బాగా వచ్చు మీకు!"

షాపులో పనిచేసే ఇంకో మనిషి పని ఆపి మా వైపు చూశారు. అంతోణప్ప బల్ల మీద చూపు పెట్టి, కొత్తగా బోరు చేసిన సిలిండరు నా ముందుకి జరిపారు. "ఇదే ఆఖరుమ్మా. ఇంక తొలచడానికి గోడలో కండ లేదు. ఈ సైజు పిస్టన్ కూడా నా దగ్గర ఇదొక్కటే ఉంది, ఫ్యాక్టరీ రోజుల్లో దాచింది. ఇది పట్టేస్తే ఆ బండి ఇంక లేవదు."

ఆ సాయంత్రం ఉమేశ్‌కి చెప్పాను. మా ఆయన విన్నాడు. హాల్లో టీవీ సౌండు నలభై రెండు మీద ఉంది. ఆరేళ్ళ క్రితం అత్తయ్య పోయినప్పుడు అది పద్ధెనిమిది. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఏడాదికి నాలుగైదు అంకెలు పెంచుకుంటూ పోయాం.

"జూలై అయిపోనీ సుమా," అన్నాడు. "ఆ ఆదివారం దాటితే అప్పాయే బండి లోపల పెట్టేస్తాడు. ఆయిల్ సంగతంటావా, అంటే అన్నాడు. నీకు పోయేదేముంది?"

"మీ ఆఫీసులో నాలుగుసార్లు మిమ్మల్ని లెక్క రానివాడని అంటే పోయేదేముందో, నాకూ అదే."

ఉమేశ్ రిమోట్ తీసుకుని సౌండు నలభై మూడు చేశాడు.

ఆ వారమే ఇంజను బిగించారు. శుక్రవారం నాడు మావయ్య మళ్ళీ కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, ఇంకా రాలేదు, ఇంకా మొద్దుగానే ఉంది అంటూ ప్లేటు జరిపి జరిపి, చివరికి "అదీ!" అన్నారు. ఎత్తు మీద గులకరాళ్ళు కాదు, ఈసారి కంకర. ఆ ఆదివారమే జావాలన్నీ కొండ మీద చేరడం. మధ్యలో శనివారం ఒక్కటే ఉంది.

శనివారం పొద్దున ఆయన క్షవరానికి వెళ్ళారు. ఆయన గేటు దాటగానే నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని వరండాలో కూర్చున్నాను. ఇంజను హెడ్డు నట్లు విప్పి ఇడ్లీ పళ్ళెంలో వేశాను. పిస్టన్ కనిపించింది, ఇంకా కొత్తది, ఒక్క గుంట లేదు. అగరుబత్తీల పెట్టెలో ఉండే పలచటి కాగితం చింపి పాయింట్ల మధ్య పెట్టి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ కాగితాన్ని లాగి చూశాను. పాయింట్లు విడిపోయి కాగితం చేతిలోకి వచ్చిన చోట, అంటే నిప్పురవ్వ పడే చోట ఆపి, నా కాలేజీ వెర్నియరుతో పిస్టన్ పై కొసకి ఇంకా ఎంత కిందుందో కొలిచాను. అయిదున్నర మిల్లీమీటర్లు. చార్టులో ఉండాల్సింది మూడున్నర లోపు. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అయిదున్నరే.

తలెత్తేసరికి మావయ్య గేట్లో నిలబడి ఉన్నారు. మంగలి షాపులో జనం ఎక్కువగా ఉన్నారట, తిరిగి వచ్చేశారు.

"ఎవరు ముట్టుకోమన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"లే అక్కడ్నించి! రేపు పొద్దున కొండెక్కాల్సిన బండి! హెడ్డు విప్పి కూర్చుంటావా? బుద్ధుందా నీకు?" చేతి సంచి నేల మీదికి విసిరారు. "ఆయిల్తో రెండు పిస్టన్లు తిన్నది చాల్లేదా?"

నేను లేవలేదు. "అయిదున్నర ఉంది. మూడున్నర దాటకూడదు."

"ఎవడు చెప్పాడు?"

"చార్టు."

"ఆ చార్టు రాయించింది నేను!"

"అయితే అది మీ మాటే. నాది కాదు."

ఆయన మొహం ఎర్రబడింది. నేను లోపలికెళ్ళి, వంటింటి కిటికీలోంచి పిస్టన్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "రెండోది. మీరు చూడకుండా పారేసింది. చూడండి. నూట ఇరవై పోసిన పిస్టన్ అది."

ఆయన చూశారు. కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరగా పెట్టుకున్నారు. తర్వాత బొటనవేలి గోరుతో అంచు వెంబడి తడిమారు. ఒక గుంట మీద గోరు ఆగింది, ఇంకో దాని మీద ఆగింది. ముప్ఫయ్యేళ్ళు ఇంజన్లు చూసిన మనిషి. ఆయనకి ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. గోరు పిస్టన్ చుట్టూ ఒక తిప్పు తిరిగి వచ్చింది.

"మొదటిది?" అన్నారు.

"ఇంతే. అంతోణప్ప అంకుల్ సొరుగులో ఉంది."

"వాడు చూశాడా?"

"చూశారు."

"ఉమేశ్?"

"ఆయనకి టీవీ సంగతి తెలుసు."

ఆయన వరండా మెట్టు మీద కూర్చున్నారు. కూర్చున్నాక కూడా చేతిలో పిస్టన్ వదల్లేదు. "దొంగ వెధవలు," అన్నారు. "అందరూ కలిసి..." తర్వాత నావైపు తిరిగారు. "నీకు ఎప్పుడు వినపడింది?"

"మొదటి రోజునే."

"ఎలా వినపడింది?"

"రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "అదే," అన్నారు. "సరిగ్గా అదే. మా షెడ్డులో కొత్తవాళ్ళకి నేను చెప్పే మాట అది." కళ్ళు తెరిచారు. "వినపడితే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. అక్కడి వరకే నోరు అన్నారు."

"అంటే? ఒకసారి అన్నానని ఊరుకుంటావా? పిస్టన్ పోతుందని తెలిసీ?"

"తెలిసే ఊరుకున్నాను."

"ఇంట్లో ఉన్న వస్తువు కళ్ళముందు పాడైపోతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"కూర్చున్నాను. బీన్స్ తరుగుతూ." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మొదటి పిస్టన్ మీరు చంపారు మావయ్యా. రెండోది నేను. మూడోదాన్ని ఎవరం ముట్టుకోవద్దు."

ఆయన పిస్టన్ని మెట్టు మీద పెట్టారు. "చార్టు ప్రకారం పెట్టు," అన్నారు.

పెట్టాను. మూడూ పావుకి. ఆయన పక్కనే నిలబడి కాగితం సరిగ్గా లాగుతున్నానా లేదా అని చూశారు. రెండుసార్లు తిట్టారు. స్క్రూ బిగించేటప్పుడు ప్లేటు జరిగిందని ఒకసారి, అది నిజమే. నా నీడ పడుతోందని ఒకసారి, అది నా తప్పు కాదు. హెడ్డు బిగించి, కిక్ కొట్టారు. బండి లేచింది. గుండ్రంగా, మెత్తగా నడుస్తోంది. నాకు చక్కగా ఉంది.

ఆయన చెయ్యెత్తి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. చాలాసేపు. చెయ్యి దానంతటదే దిగిపోయింది.

"చచ్చిన బండి ఇది," అన్నారు. "దుప్పటి కప్పి కొడుతున్నట్టుంది. దీని మీద నేను కొండెక్కలేను. నడుస్తోందో పాడైపోతోందో తెలియదు నాకు."

"నాకు తెలుస్తుంది."

"నీకు తెలిస్తే?"

"వెనక కూర్చుంటాను. గులకరాళ్ళు వినపడితే భుజం మీద కొడతాను. ఆపేద్దురుగాని."

ఆయన నావైపు చూశారు. ఇరవై ఏళ్ళలో ఆ బండి మీద ఆయన వెనక కూర్చున్నది అత్తయ్య ఒక్కతే.

"ఒక మాట," అన్నాను. "వాళ్ళందరి ముందూ ఆయిల్ అన్నారు. వాళ్ళందరి ముందే కాదని చెప్పాలి."

"ముందు బండి పైకి ఎక్కనీ," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున సన్నని తుంపర. నూట ఇరవై పోశాను. ఆయన చూస్తుండగా, గాజు కొలపాత్ర ఆయన కంటి ఎత్తుకి పట్టుకుని పోశాను. ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. కొండ మొదటి మలుపు, బండి రెండుసార్లు ఆగిన చోటు, దగ్గరకి వస్తుంటే ఆయన వీపు కర్రలా బిగిసిపోయింది. నేను చెవి పెట్టి విన్నాను. తడి రోడ్డు మీద టైరు శబ్దం, సైలెన్సర్లు. ఇంకేమీ లేదు. మలుపు దాటాం. రెండో మలుపు దాటాం. నా చెయ్యి ఆయన భుజం మీద తేలిగ్గా ఆనించే ఉంచాను, కొట్టలేదు.

పైన డెబ్బయ్యో ఎనభయ్యో బళ్ళు. అన్నిటి ఇంజన్లూ నడుస్తూనే ఉన్నాయి. కొండ మీద మంచుకీ పొగకీ తేడా తెలియడం లేదు. కెంపయ్యగారు మమ్మల్ని చూడగానే చెయ్యి ఊపారు. "వచ్చాడురా చెవి బసప్ప! ఏం, ఈసారి కోడలు ఆయిల్ సరిగ్గా పోసిందా?"

మావయ్య స్టాండు వేస్తున్నారు. తలెత్తలేదు. వినపడలేదో, వినపడనట్టున్నారో నాకు తెలియలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన మాట తప్పితే ఇక్కడి నుంచి నడిచే దిగిపోతానని నిర్ణయించుకున్నాను.

కెంపయ్యగారు దగ్గరకి వచ్చి గట్టిగా మళ్ళీ అన్నారు. "ఆయిల్ పోసిందా అంటున్నాను!"

"మూడుసార్లూ సరిగ్గానే పోసింది," అన్నారు మావయ్య. "టైమింగ్ నేను తప్పు పెట్టాను."

అందరూ గొల్లున నవ్వారు. చన్నవీరప్పగారు మావయ్య వీపు తట్టారు. "చెవి బసప్ప టైమింగ్ తప్పడమా! కోడలి కోసం ఎంత పెద్ద అబద్ధం ఆడాడో చూడండ్రా! అమ్మా, అదృష్టవంతురాలివి, ఇలాంటి మావగారు ఎవరికి దొరుకుతారు?"

నిజం చెప్పినా నాకు దక్కలేదు. అది కూడా ఆయన మంచితనం ఖాతాలోకే పోయింది. అంతోణప్ప నా వైపు చూసి, చూపు నేల మీదికి దించుకున్నారు.

"అబద్ధం కాదురా!" మావయ్య అరిచారు. అంత గట్టిగా ఆయన అరవడం వంటింట్లో కూడా వినలేదు నేను. "నాకు వినపడదు! పై శబ్దాలు వినపడవు! నువ్వు ఇప్పుడు మాట్లాడేది సగమే వినపడుతోంది! రెండు పిస్టన్లు నేనే కాల్చాను. అంతోణిని అడగండి, వాడికి తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాడు, నా మీద ప్రేమట!"

ఎవరో బండి ఆపేశారు. పక్కవాళ్ళూ ఆపారు. ఒక్కొక్కటిగా చుట్టుపక్కల ఇంజన్లన్నీ ఆగిపోయాయి. మా బండి మాత్రం నడుస్తూనే ఉంది. కెంపయ్యగారు నోట్లో ఆకు నమలడం ఆపి నిలబడ్డారు. అంతోణప్ప రెండడుగులు ముందుకి వేసి, "బసప్పా..." అన్నారు.

"నువ్వు రేపు మాట్లాడు. ఇవాళ నాకు కోపంగా ఉంది," అని మావయ్య బండెక్కారు. నా వైపు చూడకుండా, "ఎక్కు," అన్నారు.

ఎక్కాను. నాకు కోపం తగ్గిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ రెండో పిస్టన్ ఇప్పటికీ మా వంటింటి కిటికీలో ఉంది. అది ఎవరి తప్పో నాకు రోజూ కనపడాలి.

సగం కొండ దిగాక ఆయన తల కొంచెం వెనక్కి తిప్పి, "ఎలా ఉంది?" అన్నారు.

"బాగానే ఉంది."

"బాగానే అంటే? నీ ఫిజిక్సులో అదేనా మాట? సరిగ్గా చెప్పు. ఎలా వినపడుతోంది?"

విన్నాను. రెండు మలుపుల పాటు విని, ఆయన చెవి దగ్గరకి వంగి అరిచాను. "కుట్టుమిషను మందపాటి గుడ్డ మీద నడుస్తున్నట్టు!"

"ఏ గుడ్డ?"

"జంపఖానా!"

ఆయన తల ఆడించి, "తడిదా, పొడిదా?" అన్నారు విసుగ్గా.